బానెట్ మీద బీగాలు

ఆయన చనిపోయి పదిహేను రోజులైందన్న సంగతి నాకు టీ కొట్టు ఆమె చెప్పింది. పోయిన గురువారం పొద్దున, పుంగనూరు ఊళ్లోకి పోకముందే మదనపల్లె రోడ్డు పక్కన ఉండే ఆయన మెకానిక్ షెడ్డు ముందు ఎప్పటిలాగే కారు ఆపాను. బీగాలు తీసి బానెట్ మీద పెట్టాను. బీగాలంటే మా వైపు తాళంచెవులు. పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాను. ఆ తర్వాతే చూసుకున్నాను, షట్టరు దించి ఉంది.

పక్క కొట్టులో పాలు కాస్తున్న ఆమె గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఎవురి కోసమమ్మా? ఆయప్ప పోయి పదైదు దినాలాయ. గుండెనొప్పి అన్యారు. నీకెవురూ చెప్పలేదా?"

నాకెవరు చెబుతారు? చెప్పే ముఖం మిగుల్చుకున్నానా నేను? అయినా నాకు ముందు ఆయన మీదే కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఒక్క మాట అనకుండా, తిట్టకుండా, ఆ తిట్టు నాకు బాకీ పడి ఇలా పోవడమేమిటి? ఆ తర్వాత మా బావ మీద వచ్చింది. చివరికి చేరాల్సిన చోటికి, నా మీదికి చేరింది. అప్పటి నుంచి అక్కడే ఉంది. ఈ నాలుగు మాటలు ఆ కోపంలోనే రాస్తున్నాను. చల్లారాక రాస్తే మళ్లీ అబద్ధాలు రాస్తానని భయం.

నేను నర్సును. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సోమవారం, గురువారం మదనపల్లె నుంచి కుప్పం పోయి నర్సింగు పిల్లలకు పాఠం చెబుతాను. మా ఆయన వదిలిపోయిన పాత అంబాసిడర్‌లో పోతాను. దాన్ని అమ్మేయమని చెప్పనివాళ్లు మా చర్చిలో లేరు. అమ్మలేదు. ఆ కారు వల్లే ఈ మేస్త్రి నాకు పరిచయమయ్యాడు.

అప్పట్లో నా కారుకు బ్యాటరీ నిలిచేది కాదు. మదనపల్లెలో ఒకాయన ఒకటి మార్చాడు, ఇంకొకాయన ఇంకొకటి మార్చాడు. మూడోది కూడా పుంగనూరు చేరేసరికి చచ్చింది. స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగి, బెల్టు కీచుమని అరిచి, కారు ఈయన షెడ్డు ముందే ఆగిపోయింది. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, చెవి మీద అగ్గిపుల్ల. వచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ఆల్టర్నేటర్‌ని, మా వైపు అందరూ డైనమో అంటారు దాన్ని, రెండు చేతులతో చంటిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకొని ఊపాడు. అది ఊడబోయే పంటిలా కదిలింది. దాని కిందికి చెయ్యి పోనిచ్చి ఒక చెక్కముక్క పెరికాడు. టమాటా బాక్సు చెక్క. దాని మీద మండీ వాళ్ల అచ్చు కూడా సగం ఉంది.

"ఏందమ్మా ఇది? ఇంజన్లో టమాటాలు ఎవురు పెట్టినారు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ చెక్క నా ముఖం ముందు ఆడిస్తూ ఊరంతా వినేలా తిట్టాడు. నన్ను కాదు, దాన్ని పెట్టినవాణ్ని.

"బోల్టు వదులైతే బిగించల్ల. బెజ్జం అరిగితే బ్రాకెట్టు మార్సల్ల. ఈ చెక్క యాల? బ్యాటరీ మింద బ్యాటరీ యాల? గుంజ ఊడిపోయి ఆవు ఊరంతా తిరగతాంటే, పాలు ల్యావని చెంబును మారస్తాండారమ్మా మీరు!"

చౌడేపల్లె వైపు పాడి పెట్టుకున్న రైతు ఇంటి మనిషి ఆయన. ఏం చెప్పినా ఆవు దగ్గరికి పోయి వచ్చేవాడు. "గొడ్డును కట్టేది, బండిని బిగించేది" అనే మాట రోజుకు పదిసార్లు అనేవాడు. కట్టుకంబి, సైకిలు ట్యూబు, కొబ్బరితాడు ఇంజను దగ్గర ఎక్కడ కనిపించినా కత్తెరతో కోసి కాలువలో వేసేవాడు. బండి యజమాని అడ్డం పడితే, "దీన్ని మొలకు కట్టుకోపో" అనేవాడు. "కొంచెం అడ్జస్ట్ చెయ్యన్నా" అని ఎవరన్నా అంటే చేతిలో స్పానరు కింద పెట్టేసేవాడు. "ఈ పొద్దుకు పోతే సాలు" అన్నవాడికి మరీ కోపంగా జవాబు చెప్పేవాడు. "రేపు నువ్వు ఉండవా?" అని.

చూసే పద్ధతి ఒకటుండేది ఆయనకు. ముందు ఇంజను ఆపించేవాడు. బోల్టు చుట్టూ ఎర్రగా తుప్పు పొడి రాలిందా అని వేలితో తుడిచి చూసేవాడు. రాలితే ఆ ఇనుములు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నట్లు. బెజ్జం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా అని చూసేవాడు. బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. మరీ బిగుతుగా ఉన్నా తిట్టేవాడు. "ఇంత గట్టిగా లాగితే చెవులు తెగతాయి. మనిషికైనా అంతే" అనేవాడు. డైనమోను ఇంజనుకు పట్టి ఉంచే కొసలను ఆయన చెవులనే అనేవాడు. పాత బోల్టు మళ్లీ వేసేవాడు కాదు. విప్పేటప్పుడు మాత్రం మొదటి పట్టు తప్ప స్పానరు వాడేవాడు కాదు. తుప్పు పట్టిన బోల్టును కూడా బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి తిప్పుకుంటూ తీసేవాడు. అంత బలం ఆ వేళ్లకు.

అంతా అయ్యాక జేబులోంచి గోళ్లరంగు సీసా తీసేవాడు. ఎర్రటిది. బోల్టు తల మీద నుంచి, డైనమోను పట్టి ఉంచే బ్రాకెట్ మీదికి సన్నగా ఒక గీత గీసేవాడు. బోల్టు ఏమాత్రం కదిలినా గీత రెండుగా విడిపోతుంది. "నెలకొకసారి వచ్చి గీత సూపించమ్మా. గీత సరింగా ఉంటే బండి సరింగా ఉండాదని" అనేవాడు. "పెండ్లికూతురికి పారాణి పెడతాండాడు" అని టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. నెలకొకసారి నేను ఆగేదాన్ని. గీత చూసి, తల ఊపి, పొమ్మనేవాడు. గీత చూసినందుకు ఏమీ తీసుకునేవాడు కాదు.

ఇంకొక అలవాటు. తీసేసిన విరిగిన బ్రాకెట్లు, తెగిన చెవులు పారేసేవాడు కాదు. గోడకు ఒక తీగ కట్టి దానికి వరసగా వేలాడదీసేవాడు. ఒక్కొక్కదాని మీద తెల్ల పెయింటుతో ఏ బండిదో, ఎందుకు తెగిందో రాసిపెట్టేవాడు. 'చెక్క పెట్నారు.' 'వెల్డింగ్ చేస్నారు.' 'చెప్తే వినలే.' నా కారుది కూడా ఉండేది, 'టమాటా' అని. నాకు అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. ఎన్నిసార్లు చెప్పినా తుడిచేవాడు కాదు.

ఇలాంటి మనిషిని మా చర్చిలో నాలుగేళ్లుగా 'మంటల మేస్త్రి' అంటున్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసి కూడా నోరు మూసుకున్నదాన్ని నేను.

నాలుగేళ్ల కింద ఒక బుధవారం నేను ఆయన షెడ్డులో బెంచీ మీద కూర్చొని ఉన్నాను. ఆయన నా కారు గీత చూస్తున్నాడు. మా బావ వ్యాను వచ్చి ఆగింది. మా బావంటే మా అక్క భర్త. మా చర్చి కమిటీకి సెక్రటరీ. పెద్దమనిషి. ఆయన ఆడిందే ఆట, పాడిందే పాట. ఆ పాత వ్యాను చర్చి పనులకు తిప్పేవాడు. మర్నాడు కుప్పంలో ప్రార్థన కూటాలు. పాటలు పాడే క్వయరంతా ఆ వ్యానులోనే పోవాలి. చార్జింగు రావడం లేదని డ్రైవరు తీసుకొచ్చాడు. బావ ముందు సీట్లో కూర్చొని ఉన్నాడు.

ఆయన వంగి, చెయ్యి పెట్టి, ఊపాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. లేచి నేరుగా డ్రైవరు పక్కకు పోయి, కిటికీలోంచి చెయ్యి పెట్టి బీగాలు పెరుక్కున్నాడు.

"ఈ బండి ఈడ్నుంచి కదలదు. బ్రాకెట్టు సగందాకా తెగిండాది. కొత్తది తెప్పిస్తా, రెండు దినాలు పడతాది."

"రేపు క్వయరు పోవల్లప్పా" అన్నాడు బావ. "వెల్డింగో, కంబో, ఏదో ఒగటి అడ్జస్ట్ చేసియ్యి. కుప్పం పోయి వస్తే సాలు."

"నేను కట్టను. తెగిందంటే డైనమో వాలిపోయి దాని వైరు ఇంజను మింద పడతాది. ఆ వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. మంటలు లేస్తాయి. లోపల మనుషులు ఉంటారు కదప్పా?"

"దేవుడుండాడులేప్పా" అన్నాడు బావ.

"దేవుడుండాడు. బ్రాకెట్టే ల్యా."

టీ కొట్టు దగ్గరవాళ్లు ఫక్కున నవ్వారు. బావ ముఖం ఎర్రబడింది. దిగి వచ్చాడు. "నా బండి బీగాలు పట్టుకోనేదానికి నువ్వెవురు? దొంగతనమా ఇది?" అని అరిచాడు. ఆయన బీగాలున్న పిడికిలి గుండెకు ఆనించుకొని నిలబడ్డాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ఎవరో ఫోను పైకెత్తారు. బావ నా వైపు తిరిగి, "ఏమ్మా, సూస్తా కూర్చున్యావే. నువ్వన్నా చెప్పు" అన్నాడు.

అప్పుడు నాకు ఏం కనిపించింది? తెగిన బ్రాకెట్ కనిపించిందా? లేదు. మా బావ, సెక్రటరీ, తెల్లచొక్కా, నలుగురిలో నవ్వులపాలవడం కనిపించింది. మా అక్క ముఖం కనిపించింది. లేచి వెళ్లాను.

"ఇచ్చేయప్పా. వాళ్ల బండి, వాళ్లిష్టం. నడివీధిలో ఈ రచ్చ యాల?"

ఆయన నన్ను చూశాడు. "నువ్వు అడగతాండావా నర్సమ్మా?" అన్నాడు.

"అవునప్పా" అన్నాను. ఆయన పిడికిలి పట్టుకొని, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, బీగాలు తీసి మా బావ చేతిలో పెట్టాను. పెద్ద తగవు తీర్చినదానిలా వచ్చి బెంచీ మీద కూర్చున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం నేను కుప్పంలో పాఠం ముగించుకొని వస్తుంటే, వి.కోట ఇంకా రాకముందే రోడ్డు మీద పొగ. వ్యాను ముందు భాగం నల్లగా కాలిపోయి ఉంది. క్వయరు వాళ్లు రోడ్డు పక్కన కూర్చొని ఏడుస్తున్నారు. డ్రైవరు చేతులు రెండూ బొబ్బలెక్కాయి. వెనక తలుపు ఇరుక్కుంటే కిటికీలోంచి దూకించారట. మా క్వయరులో పెద్దామె, రామసముద్రం ఆమె, మేమందరం రామసముద్రం అక్క అంటాం, ఆమె సరిగా దూకలేక తుంటి విరిగి పడి ఉంది. ఆమె కాలికి నేనే కర్రలు పెట్టి కట్టాను. అంబులెన్సు వచ్చేదాకా ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆమెను ఎక్కించాక వ్యాను దగ్గరికి పోయాను. బానెట్ లేచి ఉంది. కాలిన ఇనుముల మధ్య కట్టుకంబి మెలికలు ఇంకా ఉన్నాయి. రెండు వరసలు. ముందు రోజు సాయంత్రమే పలమనేరులో ఎవరిచేతనో కట్టించారని డ్రైవరు నా చెవిలో చెప్పాడు. కాలిన చేతులతో నిలబడి కూడా బావ వినకుండా చెప్పాడు. పాపం, బావ ఇచ్చే జీతం మీద బతికేవాడు.

బావ ఏం చెప్పాడో వినండి. "నిన్ననే పుంగనూరులో సూపించుకోని వచ్చినామే! ఆ మేస్త్రి చెయ్యి పెట్నాడే!" అన్నాడు. అందులో అబద్ధం ఎక్కడుంది? చూపించారు. చెయ్యి పెట్టాడు. అంతవరకే చెప్పి ఆగాడు. వింటున్నవాళ్లు మిగతాది వాళ్లే కల్పించుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లను చూశాను గానీ, ఆ గుమ్మడికాయను పక్కవాడి భుజాన పెట్టే నేర్పు మా బావ దగ్గరే చూశాను.

వారం తిరిగేసరికి మా వాళ్ల బండ్లు ఆ షెడ్డు ముందు ఆగడం మానేశాయి. మా వాళ్లను చూసి ఇంకొకరు. మంటల మేస్త్రి అనే పేరు మదనపల్లె నుంచి కుప్పం దాకా పాకింది. ఆయన అడిగినవాళ్లకల్లా గోడ మీది తీగ చూపించేవాడట. "ఆ బండికి నేను పని చేసింటే ఇరిగింది ఈడ ఉండల్ల కదప్పా. యాడుండాది సూపించండి" అనేవాడట. తీగకు వేలాడే ఇనుపముక్కల మాట ఎవరు వింటారు?

ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటి గేటు ముందు మోపెడ్ ఆగింది. ఉతికిన తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. చెవి మీద అగ్గిపుల్ల లేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ బండికి నేను చేసింది ఒగటేనమ్మా. పోవద్దని చెప్పింది. నీ ముందరే చెప్తి. బీగాలు నువ్వే కదా తీసుకుంటివి. మీ చర్చిలో ఒగ మాట చెప్పమ్మా. నా మాట వినరు. నువ్వు చెప్తే వింటారు."

"మా అక్క సంసారమప్పా..." అన్నాను. ఇంకా ఏదో అన్నాను. చివరికి, "సమయం సూసి చెప్తాలే" అన్నాను.

"సరేమ్మా. సూసుకో" అన్నాడు. మోపెడ్ రెండుసార్లు తొక్కితే గానీ స్టార్టు కాలేదు. అంతసేపూ నా వైపు తిరగలేదు.

తర్వాతి నెల సిగ్గులేకుండా మళ్లీ ఆయన షెడ్డు ముందే ఆగాను. ఎందుకంటే నా కారును ఆయనలా చూసేవాడు ఇంకొకడు లేడు. ఎప్పటిలాగే బీగాలు చేతికి ఇవ్వబోయాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు.

"బీగాలు బానెట్టు మీద పెట్టమ్మా" అన్నాడు.

పెట్టాను. ఆయన తీసుకున్నాడు. పని చేశాడు. గీత చూశాడు. మళ్లీ బానెట్ మీద పెట్టి పక్కకు జరిగాడు. నేను తీసుకున్నాను. అప్పటి నుంచి నాలుగేళ్లూ అంతే. కొన్నిసార్లు మొండిగా చెయ్యి చాపే నిలబడేదాన్ని. ఆయనా నిలబడేవాడు. చివరికి నేనే పెట్టేదాన్ని. ఒకసారి ఓర్చుకోలేక అరిచాను.

"ఏమప్పా, నా చేతికి ఏమన్నా అంటుకోనుండాదా?"

"నీ చేతిలో ఏమీ ల్యామ్మా" అన్నాడు. "నా చేతిలోనే ఉణ్ణింది. ఇచ్చేస్తి."

అది తప్ప ఆ రోజు గురించి నాతో ఆయన మళ్లీ మాట్లాడలేదు. నా పని మాత్రం వంకర చేయలేదు. నా బోల్టుల మీద గీతలు అంతే సన్నగా, అంతే ఎర్రగా గీసేవాడు. నా మీద కోపం నా కారు మీద చూపించి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో!

మా చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు చేసిన మేలు లేచి నలుగురిలో చెప్పుకోవడం. ప్రతి ఏడాదీ ఆ వ్యాను కాలిన వారం మా బావ లేచి సాక్ష్యం చెబుతాడు. అగ్నిలోంచి దేవుడు ఎలా తప్పించాడో చెబుతాడు. ఏడాదికేడాదికి ఆ మంటలు పెరుగుతూ వచ్చాయి. మేస్త్రి నిర్లక్ష్యం కూడా పెరుగుతూ వచ్చింది. అందరూ ఆమెన్ అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. వినిపించకుండా, పెదాలతో అనేదాన్ని. దేవుడికి పెదాలు కనిపించవనుకున్నానేమో!

గురువారం ఆయన పోయిన సంగతి తెలిసిందా? వచ్చిన ఆదివారమే బావ సాక్ష్యం. సిల్కు జుబ్బా వేసుకొని లేచాడు. మంటలన్నీ చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఆ మేస్త్రి ఈ మధ్య చనిపోయినాడని తెలిసింది. ఆయన మీద మాకు ఏ కోపమూ లేదు. ఆయనను మేము క్షమించినాము" అన్నాడు.

క్షమించాడట! ఎవరు ఎవరిని క్షమించేది? అందరూ ఆమెన్ అనేలోపు లేచి నిలబడ్డాను.

"నాకూ ఒక సాక్ష్యముంది" అన్నాను.

బావ నవ్వుతూ నాకు మైకు అందించాడు. మరదలు తనకు వంత పాడుతుందనుకున్నాడు. నేను చెప్పాను. తెగిన బ్రాకెట్ గురించి, బండి కదలకూడదని ఆయన అడ్డం నిలబడిన సంగతి, కట్టుకంబి గురించి, అన్నీ చెప్పాను. "ఆయన బీగాలు పిడికిట్లో పట్టుకోని ఇయ్యనన్నాడు. ఇప్పించింది నేను. ఆయన మా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పమని అడిగితే, సమయం సూసి చెప్తానన్యాను. సూస్తా సూస్తా ఉంటే ఆయన పోయినాడు. మనం క్షమించేదానికి ఆయన చేసిన తప్పేంది? మీరెవరన్నా చెప్పండి" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న రామసముద్రం అక్క చెయ్యి ఎత్తింది.

"ఎన్నేండ్లుగా తెలుసు నీకు?"

"మొదట్నించీ తెలుసక్కా."

"నాలుగేండ్లు" అంది ఆమె. "నాలుగేండ్లుగా నేను మంచంలో పండుకోని, ప్రార్థన చేసినప్పుడల్లా ఆయప్పను తిడతాండాను. నా కాలు తీస్తివి, నీ చేతులు పడిపోనని. నీ ఇల్లు కూలిపోనని. నువ్వు వారం వారం వచ్చి నా కాలికి నూనె రాస్తివి కదమ్మే. ఆ తిట్లు వింటానే రాస్తివి. ఒగనాడన్నా నోరు తెరిస్తివా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు మైకు పట్టుకొని నిలబడ్డాను. నాకు తెలిసిన బైబిలంతా ఆ నిమిషం నాకు పనికిరాలేదు.

"నన్ను ఆయప్ప ఇంటికి తీసకపో" అంది. "ఆయప్ప పెండ్లాం ముందర నేను తిట్టిన తిట్లు చెప్పుకోవల్ల."

"ఇప్పుడా అక్కా?"

"ఇంగెప్పుడు? ఇంగా సమయం సూస్తావా?"

క్వయరులో ఇద్దరు ఆమెను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టారు. నేను బీగాలు తీసుకొని ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి బావ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. వెనకే మా అక్క.

"యాడికి పోతాండావు? ఆయప్ప ఊర్లోకి పోయి నన్ను నడివీధిలో నిలబెడతావా?" అన్నాడు. చెయ్యి చాపాడు. "బీగాలు ఇటియ్యి."

"ఇయ్యను."

నా మణికట్టు పట్టుకున్నాడు. అక్క ఏడుస్తూ, "ఇచ్చేయ్‌మే. అందరూ సూస్తాండారు. ఈ రచ్చ యాల?" అంది. నేను నాలుగేళ్ల కింద అన్న మాటే అది. నేను పిడికిలి గుండెకు ఆనించుకున్నాను. బావ రెండు చేతులతో నా వేళ్లు విడదీయబోయాడు. ఒకటి లాగితే ఇంకొకటి ముడుచుకుంది. నేను అరవై దాటిన ముసల్దాన్ని. సూదులు వేసిన చేతులే గానీ బరువులు ఎత్తినవి కావు. అయినా ఆయన నా చిటికెన వేలు కూడా విడదీయలేకపోయాడు. చివరికి వదిలేసి, ఆయాసపడుతూ పక్కకు తప్పుకున్నాడు.

కారు ఎక్కి బీగం పెట్టాను గానీ వెంటనే తిప్పలేకపోయాను. నా అరచేతిలో బీగాల అచ్చు పడి ఉంది. తుప్పు పట్టిన బోల్టులు వేళ్లతో తిప్పి తీసే మనిషి ఆయన. ఆ పిడికిలి నేను విడదీయడమేమిటి! నేను అడిగినందుకు ఆయనే విప్పాడు.